పూలు పడని సద్దుల బతుకమ్మ

నాచారంలో మా గల్లీలో నన్ను పేరుతో ఎవరూ పిలవరు. పైలటమ్మా అంటారు. మా ఆయన ఉద్యోగం దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు నేను సరదాకి నేర్చుకుని ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. దానితో చిన్న విమానం సొంతంగా నడుపుకోవచ్చు, అంతే. మా అత్తమ్మ గల్లీలో కోడలు పైలటని మాత్రమే చెప్పింది, నేనూ సరిదిద్దలేదు. పిలుస్తుంటే బాగానే ఉండేది మరి.

తిరిగొచ్చాక ఒకరోజు అత్తమ్మతో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ అక్కడి ముచ్చట్లు చెబుతున్నాను. మా క్లబ్బు మైదానంలో కంట్రోల్ టవరే ఉండేది కాదు. పొద్దున ఫోన్ చేసి విమానం అడిగితే మధ్యాహ్నానికి గాల్లో ఉండేవాళ్లం. సరదాకి పోటీలు కూడా పెట్టేవారు. పైనుంచి పిండి పొట్లం వదిలితే కింద గీసిన గుండ్రంలో పడాలి. నా పొట్లం ఒకసారి సరిగ్గా నడిమధ్యన పడింది.

అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. "గట్లయితే మన బతుకమ్మ మీద పూలేస్తవా బిడ్డా?"

"అదెంత పని అత్తమ్మా," అన్నాను. ఇక్కడి రూల్సు ఒక్కటైనా చూశానా? లేదు. నోటికొచ్చినట్టు అనేశాను. సాయంత్రానికల్లా ఆ మాట గల్లీ అంతా తిరిగింది. అంతమందికి మాటిచ్చింది ఆవిడ, నిలబెట్టాల్సింది నేను.

అక్కడి అలవాటు కొద్దీ తీరిగ్గా సద్దుల బతుకమ్మకు ముందు రోజు పొద్దున ఊరవతల ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్లాను. క్లబ్బు శిక్షకుడు నా లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది ఆ దేశంలో రిజిస్టరైన విమానాలకే పనికొస్తుందట. ఇక్కడి విమానం ముట్టుకోవాలంటే ఇక్కడి నిబంధనల మీద పరీక్ష రాయాలి, వైద్య పరీక్షలు మళ్లీ చేయించుకోవాలి, లైసెన్సు మార్పించుకోవాలి. అదంతా అయ్యాక కూడా ఎగిరిన ప్రతిసారీ ముందుగా ప్లాను ఇచ్చి అనుమతి తెచ్చుకోవాలి. చుట్టూ వైమానిక దళం వాళ్ల స్థావరాలుండే నగరం ఇది. పైనుంచి పువ్వు రేకు వదలాలన్నా దానికి వేరే అనుమతి.

నాకు ఒళ్లు మండింది. అక్కడ ఇవేవీ లేవని వాదించాను. ఆయన ఓపికగా విని, "ఇక్కడి రూల్స్ పుస్తకం ఒక్కసారైనా తెరిచారా మేడమ్?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగి ఇంటిదాకా నడిచే వచ్చాను, ఎలా చెప్పాలో తేలక. వచ్చేసరికి వరండాలో టబ్బు నిండా తంగేడు పూలు. విమానంలోంచి వేయడానికని గల్లీ ఆడవాళ్లు మేడిపల్లి అవతలికి పోయి తెంపుకొచ్చారట. అత్తమ్మకు అంతా చెప్పాను.

"అక్కడ పైలటువు, ఇక్కడ గాదా?" అంది.

కాదన్నాను. ఆవిడ పూల మీద నీళ్లు చల్లి తడిగుడ్డ కప్పింది.

మర్నాడు సాయంత్రం మైదానంలో బతుకమ్మలు పెట్టారు. పాట పాడుతూనే మాటిమాటికీ తలెత్తి చూస్తున్నారు అందరూ. చివరికి పక్కింటామె అడగనే అడిగింది, "ఏది పెద్దమ్మా, మీ కోడలి ఇమానం?" అని.

"నేనే వద్దన్న," అంది అత్తమ్మ. "గౌరమ్మ పూలు కాళ్ల కింద పడి నలుగుతయి. పాపం గాదా?"

అంతే, అందరూ ఆవిడ మీద పడ్డారు. పూలు తెంపేటప్పుడు గుర్తుకురాలేదా అని ఒకరు, గంత సదువుకున్న పిల్లకు అడ్డం పడ్డవేందని ఇంకొకరు. అత్తమ్మ తలవంచుకుని ఆ మాటలన్నీ పడింది. వాళ్లు నా వైపు జాలిగా చూశారు. ఆవిడ తప్పేం లేదు, నాకే ఇక్కడ అనుమతి లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. చప్పట్లు కొడుతూ వాళ్లతోపాటు చుట్టూ తిరిగాను.

ఇప్పుడు పరీక్షకు చదువుతున్నాను. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ సాయంత్రమే గుర్తొచ్చి సిగ్గేస్తుంది. గల్లీలో నేనింకా పైలటమ్మనే. కోడలిని ఎగరనియ్యని ముసలమ్మ అన్న పేరు మాత్రం ఆవిడకు ఉండిపోయింది.