దీవించకముందు చూసిన ఉప్పు

నా నోరు మంచిది కాదని మా ఊరంతా చెప్పుకుంటుంది. చర్చి గుమ్మం దగ్గర ముప్పై ఏళ్లుగా కొవ్వొత్తులు అమ్మేదాని నోరు ఇంకెలా ఉంటుంది? దేవుడి దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఏదో ఒకటి కావాలని వచ్చేవాళ్లే. పని జరిగాక మళ్లీ వచ్చి, ‘స్తోత్రం తండ్రీ’ అని ఒక్క కొవ్వొత్తి వెలిగించేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కొద్దిమందిలో దఫీనా ఒకతె. అందుకే ఆమె సంగతి చెబుతున్నాను.

దఫీనా భర్త మనోల్ ఈ రోడోప్ కొండల కిందే సీసం గనిలో పనిచేసేవాడు. పంతొమ్మిదేళ్ల కిందట, అక్టోబరులో, సరిగ్గా పునీత పెత్కా పండగనాడు సొరంగం కూలింది. లోపల ఇద్దరున్నారు. ఒకడు మనోల్, ఇంకొకడు వాళ్ల పక్కింటి వెల్కో. మనోల్‌ను మర్నాడు ప్రాణాలతో బయటికి లాగారు. వెల్కో శవం దొరకడానికి వారం పట్టింది.

ఆ రోజు గని నోటి దగ్గర బురదలో మోకాళ్ల మీద పడి దఫీనా మొక్కుకుంది. అప్పటి నుంచి ఏటా ఆ పండగకు కుర్బాన్ చేస్తోంది. పొట్టేలిని కోసి, పెరట్లో పెద్ద కాగులో ఉల్లిపాయలూ పుదీనా వేసి పులుసు కాచి, ఫాదరు వచ్చి దీవించాక ఇంటింటికీ గిన్నెడు పంచాలి. అది దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత. ఆయన కంటే ముందు ఎవరి నాలుకా దాన్ని తాకకూడదు. వండేవాళ్లు ఉప్పు కూడా చూడరు. అందుకే మా ఊళ్లో కుర్బాన్ పులుసు ఒక ఏడు చప్పగా, ఒక ఏడు ఉప్పుకషాయంలా ఉంటుంది.

అదే రోజు పక్కింట్లో వెల్కో భార్య రుసానా గోధుమలు ఉడికించి, చక్కెర కలిపి, భర్త ఆత్మశాంతికి పంచేది. దడి దగ్గర ఇద్దరూ ఎదురుపడేవారు. ఈమె పులుసు ఇచ్చేది, ఆమె గోధుమలు ఇచ్చేది. మాట ఉండేది కాదు.

ఈ ఏడు మనోల్ మంచాన పడ్డాడు. మంచాన అన్నానే గానీ పడుకుంటే ఊపిరి ఆడదు, పగలూ రాత్రీ కుర్చీలోనే. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయిందట. పట్నంలో డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి పంపేశారు. ముక్కులో గొట్టం, పక్కన గుర్రుమనే మిషను. పండగ ఇంకా మూడు రోజులుందనగా చూద్దామని వెళ్తే, పెరట్లో పొట్టేలు కనపడలేదు.

“పొట్టేలు ఏదే?” అన్నాను.

“ఈ ఏడు లేదు కెరానక్కా.”

“లేదంటే? మొక్కే తల్లీ అది! ఆటలనుకున్నావా?”

దఫీనా నా చెయ్యి పట్టుకుని కట్టెల పాక వెనక్కి లాక్కుపోయింది.

“పోయినేడు ఉప్పు చూశానక్కా. ఫాదరు ఇంకా రాలేదు. అంతకు ముందేడు చప్పగా ఉందని అందరూ నవ్వారు కదా, అందుకని... ఒక్క చుక్క, నాలిక మీద. క్రిస్మస్ దాటిందో లేదో ఈయనకి దగ్గు పట్టుకుంది. నేనేనక్కా, నా మొగుణ్ణి నేనే చంపుకుంటున్నాను.”

ఊళ్లో ఎవరు ఏం చేసినా ఎగిరిపడే నా నోటితో ‘ఛీ, పిచ్చిదానా’ అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. అపచారం విన్నట్టు గబుక్కున శిలువ గుర్తు వేసుకున్నాను. ఆమె అది చూసింది. ఉన్న ఆ కాస్త రంగూ ఆమె మొహంలోంచి పోయింది. ఆ పాపం నాదే.

దిద్దుకుందామని ఆమెను సావా ఫాదరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలా మంచిగా చెప్పాడు. “కుర్బాన్ లంచం కాదమ్మా, కృతజ్ఞత. ఇచ్చిన దానికి చెప్పుకునేది.”

“తెలుసండీ ఫాదరుగారూ. మా ఆయన ఊపిరాడక నా వేళ్లు నలిపేస్తుంటే ఆ మాట నోట్లోంచి రావట్లేదండీ. ఏం చెయ్యమంటారు?”

ఫాదరు జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

పండగ పొద్దున కాగు బోర్లించే ఉంది, పొయ్యిలో పాత బూడిద. దఫీనా మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన నేను, ఎందుకూ పనికిరాకుండా. అంతలో రుసానా గోధుమల గిన్నె పట్టుకుని దడి దాటి వచ్చింది.

“నా పులుసేదీ?” అంది. పంతొమ్మిదేళ్లలో ఆమె ఆ పెరట్లో నోరు విప్పడం అదే మొదలు.

“పెట్టలేదు. దేనికి చెప్పను స్తోత్రం? లోపలికెళ్లి చూడు ఆయన్ని. నేను ఉప్పు చూశాను రుసానా. దీవించకముందే చూశాను. అందుకే.”

రుసానా నవ్వింది. ఆ నవ్వు వినకపోతే బాగుండేది.

“ఉప్పు చూసినందుకా? మరి మా వెల్కో ఏం రుచి చూశాడే?”

గోధుమల గిన్నె మెట్టు మీద పెట్టింది.

“నేనూ వెతికానే. ఉపవాసం రోజు పాలు తాగానా? ఆదివారం బట్టలుతికానా? ఏళ్ల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నా. ఏమీ దొరకలేదు. నా చేతిలో ఏం లేదే. నీ చేతిలోనూ ఏం లేదు. నీ పులుసు తాగిన ప్రతిసారీ గొంతులో ముల్లు దిగినట్టుండేది. అయినా తాగేదాన్ని. ఇద్దరిలో ఒకడైనా వచ్చాడు కదా అని. పంతొమ్మిదేళ్లు నీ ఇంట్లో తిరిగాడు, తిట్టాడు, గురక పెట్టాడు. నీకు అది అక్కర్లేదా? అయితే నేను చెబుతా స్తోత్రం. లే!”

అంటూనే వాళ్ల ఇంటికి పోయి తన పుంజును పట్టుకొచ్చింది. పొట్టేలు లేనివాళ్లు పుంజుతో చేసినా చెల్లుతుంది. ఇద్దరూ కలిసి ఈకలు పీకారు, నేను పొయ్యి రాజేశాను. పులుసు మరిగింది. ఫాదరు ఇంకా రాలేదు. రుసానా గరిటెతో కాస్త తీసి, ఊది, దఫీనా నోటి దగ్గర పెట్టింది.

“ఉప్పు చూడు.”

“వద్దే! వద్దు రుసానా!”

“చూడవే. అయ్యేదేదో ఎలాగూ అవుతుంది. మీ ఆయనకి చప్పటి పులుసు పెడతావా?”

నా చెయ్యి శిలువ గుర్తు కోసం మళ్లీ లేవబోయింది. ఈసారి దాన్ని ఒళ్లో అదిమి పట్టుకున్నాను. దఫీనా కళ్లు మూసుకుని రుచి చూసింది.

“తక్కువైంది,” అంది. అని, ఆ పొయ్యి ముందే కూలబడి భోరున ఏడ్చింది.

అద్భుతం ఏదో జరిగిందనుకునేరు. ఏమీ జరగలేదు. మనోల్ ఆ వారం దాటలేదు. ఆ రోజు మాత్రం దీవెన అయ్యాక మూడు చెంచాలు తాగాడు. నాలుగోది మింగుడుపడలేదు.

ఫాదరు వచ్చి, మనోల్ కుర్చీ పక్కన నిలబడి పులుసును దీవించాడు. చివరికి ఇంటివాళ్లు తమ మాటగా దేవుడికి ఏదైనా చెప్పుకోవాలి. దఫీనా ఏమంటుందోనని చూశాను. ఆమె మనోల్ చెయ్యి వదల్లేదు. మిషను చప్పుడులో కూడా ఆమె గొంతు అందరికీ వినపడింది.

“పంతొమ్మిదేళ్లు ఇచ్చావు ప్రభువా, స్తోత్రం. నాకు చాల్లేదయ్యా. చాల్లేదు. అయినా స్తోత్రం.”