ఒంటి పేరుతో దుబాయ్ పోనియ్యరట!

పొద్దున ఏడు గంటలకు ఇబ్రహీంపట్నం బస్టాండ్‌లో బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. బస్సులో కూర్చోవడం నాకింకా అలవాటు కాలేదు. కండక్టరుగా బతుకంతా నిలబడే గడిపాను. రిటైరై ఏడాదైనా బ్రేకు పడిందంటే చెయ్యి దానంతటదే పై రాడ్డు మీదికి పోతుంది. ఆ రోజు నా సంచిలో పాస్‌పోర్టు, ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి. పక్కన సుగుణ. అదే డిపోలో నాతోపాటు టికెట్లు కొట్టిన మనిషి. ఇద్దరం దుబాయ్ చూడ్డానికి పోతున్నాం. పని కోసం కాదు, ఎవరి దగ్గరికీ కాదు, ఊరికే చూడ్డానికి. మా కాలనీలో ఈ మాట ఒక్కరూ నమ్మలేదు. "గాడ ఎవరున్నరు నీకు?" అని అడగనివాళ్లు లేరు. ఎవరూ లేరు కాబట్టే పోతున్నానని చెప్పాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకు ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్లాం. సుగుణ కాగితాలు చూసి బాగున్నాయన్నాడు. నావి చూసి తల గోక్కున్నాడు.

"అమ్మా, నీ పాస్‌పోర్ట్‌ల ఒక్కటే పేరున్నది, యాదమ్మ అని. ఇంటిపేరు జాగ ఖాళీ. ఇప్పుడు రూల్ మారింది. ఒంటి పేరుతోని విజిట్ వీసా ఇస్తలేరు."

"పుట్టినకాంచి నాది గదే పేరు. దేశం దాటితే మారుతదా?"

"ఎన్క పేజీల తండ్రి పేరుంటే కొందరికి నడుస్తున్నది. కొందరిని ఎయిర్‌పోర్ట్‌లకెల్లి వాపస్ పంపుతుండ్రు. గట్లయితే టికెట్ పైసలు గంగల కలిసినట్టే. ఇగ నీ ఇష్టం."

కాబట్టి ఇది చదివి బయల్దేరేవాళ్లకు నా మొదటి మాట: టికెట్ కొనకముందే పాస్‌పోర్టు తెరిచి ఇంటిపేరు ఉందో లేదో చూసుకోండి. మన ఆడవాళ్లు మరీ చూసుకోవాలి. పుట్టినప్పుడు ఒక ఇంటిపేరు, పెళ్లయ్యాక ఇంకో ఇంటిపేరు. ఏది రాయించాలో తేలక చాలామంది పేరొక్కటే రాయించి ఊరుకుంటారు.

నాది తేలకపోవడం కాదు, మొండితనం. నన్ను మొగుడు వదిలేశాడని ఊళ్లో అంటారు. అబద్ధం. నేనే వదిలేశాను. తాగొచ్చి చెయ్యెత్తేవాడితో మూడేళ్లు కాపురం చేసి, నాలుగో ఏడు సంచి సర్దుకుని వచ్చేశాను. తర్వాత కోర్టులోనూ తెగిపోయింది. ఆ ఇంటిపేరు ఇక్కడ కూడా రాయను, నా చేత్తో దానికి ప్రచారం చెయ్యను. పుట్టింటి ఇంటిపేరు మైలారం. పాస్‌పోర్టు చేయించుకునేటప్పుడు అది రాయించుకుంటానంటే మా అన్న జంగయ్య ఒప్పుకోలేదు. "పెండ్లి జేసి పంపినంక ఆడపిల్లకు గా ఇంటిపేరు ఉండదు" అన్నాడు. సరే, అదీ వద్దు ఇదీ వద్దని ఖాళీగా వదిలేశాను. ఖాళీగా ఉన్నా ఇన్నేళ్లూ నా బతుకు ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు ఆగింది.

తిరుగు బస్సులో సుగుణ మెల్లగా అంది: "మీ ఆయనదే పెట్టుకోరాదు అక్కా? పనైపోతది. రెండు అచ్చరాలే గదా."

"నీకు రెండు అచ్చరాలు. నాకు మూడేండ్లు."

సుగుణ నాలుక కరుచుకుంది. "అయితే నువ్వు పోయిరా" అన్నాను. "నువ్వు లేకుంట నేనొక్కదాన్ని పోయి ఇసుక లెక్కపెట్టుకుంట కూసోవాల్నా?" అని కసిరింది. ముందు సీట్లోంచి కూరగాయల గంపావిడ, ఫ్రీ టికెట్టుకు చూపించిన ఆధార్ కార్డు చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగి, "దుబాయ్‌కి గూడ ఆధార్ కావాల్నా అక్కా?" అని అడిగింది. కావాలి తల్లీ, ముందు అదే కావాలి.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె కిందికంటా వెతికాను. పదో తరగతి మెమో దొరికింది. అందులో మైలారం యాదమ్మ అని అచ్చులో ఉంది. బాపు బడిలో చెప్పి రాయించిన పేరు. ఎందుకో గానీ ఏడుపొచ్చింది. తుడుచుకుని, మర్నాడే ఆధార్ సెంటర్‌కు పోయి లైన్లో నిలబడ్డాను. వరస ఇది, గుర్తుంచుకోండి: ముందు మెమో చూపించి ఆధార్‌లో ఇంటిపేరు చేర్పించాలి, అది మారి వచ్చాక పాస్‌పోర్టు మళ్లీ ఇమ్మని పెట్టుకోవాలి, ఆ తర్వాతే వీసా. తలకిందులుగా చేస్తే డబుల్ తిరుగుడు. ఎవరెవరికి ఏ కాగితాలు అడుగుతారో ముందే వెబ్‌సైటులో చూసుకోండి. నేను కోర్టు కాగితం కూడా వెంట పెట్టుకున్నాను.

ఆధార్ సెంటర్‌లో మా ఊరివాళ్లెవరో చూసినట్టున్నారు. సాయంత్రానికి అన్న మా ఇంట్లో ఉన్నాడు. మా ఊరు ఇబ్రహీంపట్నానికి ఆనుకునే ఉంటుంది. బాపు నుంచి వచ్చిన నాలుగెకరాలు అన్న చేతిలోనే ఉన్నాయి. చుట్టూ ప్లాట్ల వెంచర్లు వచ్చి ధర పెరిగాక ఆ నాలుగెకరాలు చూసి ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. చాయ్ ఇస్తే ముట్టలేదు.

"ఇన్నేండ్లకు మైలారం యాదికొచ్చిందా నీకు?"

"దుబాయ్ పోనీకె అన్నా. రూల్ మారింది."

"దుబాయ్ పేరు జెప్పి భూమికి ఎసరు పెడుతున్నవ్. నాకు తెల్వదనుకుంటున్నవా?"

"నాకు భూమెందుకు? ఇసుక చూసొస్తనంటే భూమంటవేంది?"

"మొగుని ఇంటిపేరు రాయించుకో. ఎవలొద్దన్నరు? మైలారం అని ఎట్ల రాయించుకుంటవో నేను గూడ చూస్త."

నాకు ఒళ్లు మండింది. "చూడు. మంచిగ కండ్లు తెరిసి చూడు" అన్నాను. చాయ్ గ్లాసు నేనే తీసుకుని తాగేశాను. పారబోయడం నాకు చేతకాదు.

పాస్‌పోర్టు ఆఫీసులో పని సాఫీగానే అయింది. చిక్కంతా పోలీసు ఎంక్వైరీ రోజు వచ్చింది. కానిస్టేబుల్ పదకొండింటికి మా గల్లీకి వచ్చాడు. మర్యాదస్తుడే. నన్ను ఎరిగినవాళ్లు ఇద్దరు సంతకం పెట్టాలన్నాడు. కింద కిరాణా కొట్టాయన, ఎదురింటి టీచరమ్మ చెప్పులేసుకుని మరీ వచ్చారు. కాగితం మీద మైలారం యాదమ్మ అని చూసి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"యాదమ్మక్క బాగ తెలుసు సార్. ఇంటిపేరు మాత్రం ఎన్నడు ఇనలే" అన్నాడు కిరాణా ఆయన. తప్పు అతనిది కాదు, నేనెప్పుడు చెప్పాను గనక?

కానిస్టేబుల్ కలం మూశాడు. "మెమో ఉన్నది, సరే. ఈ ఇంటిపేరు నీదే అని తెలిసినోళ్లు ఒక్కలన్న చెప్తే మంచిగుంటది. పుట్టింటోళ్లు ఎవరన్న ఉన్నరా అమ్మా?"

అన్నకు ఫోన్ చేశాను. వాళ్లిద్దరూ చూస్తుండగా బతిమాలాను కూడా. అంత సిగ్గు చంపుకున్న పని నేనెప్పుడూ చెయ్యలేదు. "నాకు తెల్వదు, నేను రాను" అని పెట్టేశాడు. కానిస్టేబుల్ టైము చూసుకున్నాడు. ఇంకో రెండు ఇళ్లు చూసుకుని వస్తానని, అప్పటికైనా ఎవరినైనా పిలిపించమని వెళ్లాడు. పొద్దుటి నుంచీ తోడుగా ఉన్న సుగుణ నా భుజం పట్టుకుని కూర్చుంది. నాకు దుబాయ్ సంగతి అప్పుడు గుర్తే లేదు. నేను పుట్టిన ఇంటిని నాదని చెప్పడానికి మనిషి లేడే అని మెమో తీసి మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

ఆటో ఆగింది. మా అన్న భార్య అండాలు వదిన దిగింది. మొగుడు ఫోన్లో ఏమన్నాడో పక్కనే ఉండి విన్నదట. పొలం పనిలో కట్టిన చీర మార్చుకోలేదు, కాళ్లకు మట్టి అట్లాగే ఉంది. మా ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి ఆమె అన్న మాటకు ఎదురు చెప్పడం నేను చూడలేదు. కానిస్టేబుల్ తిరిగొచ్చేదాకా గడప మీద కూర్చుంది. ఆయన రాగానే లేచి నిలబడింది.

"సారూ, నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చిననాడు ఈమె మైలారం యాదమ్మనే. బడికి పోతుండె. తర్వాత పెండ్లి జేసి ఈమె ఇంటిపేరు మార్చిండ్రు. అంతకు ముందు నాది మార్చిండ్రు. నాది ఎట్లాగూ వాపస్ రాదు. ఈమెదన్న రానియ్యి. యాడ పెట్టాలె సంతకం?"

కలం పట్టుకుని ఒక్కో అక్షరం నొక్కి రాసింది. కానిస్టేబుల్ "గిది చాలమ్మా" అన్నాడు. నేను వదినను గట్టిగా పట్టుకున్నాను. "ఇంట్ల ఏమంటడో ఏమో" అన్నాను. "అంటడు. అననీ" అంది, అదే ఆటోలో వెళ్లిపోయింది.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. ఇక మూటలు. సుగుణ కోడికూర కోసం మసాలా దంచి పొట్లం కట్టింది. అందులో గసగసాలు వేసిందని తెలిసి నా గుండె ఆగినంత పనైంది. అక్కడ గసగసాలు మత్తుమందు కింద లెక్క, పట్టుకుంటే జైలే. "కోడికూరకు జైలా?" అని సుగుణ నోరు తెరిచింది. ఇల్లు దాటకముందే పొట్లం తీయించాను. బీపీ గోళీలకు డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో వెయ్యొద్దు, చేతి సంచిలోనే ఉండాలి. తినడానికి సకినాలు, జొన్నరొట్టెలు పెట్టుకున్నాం. అవి ఎవరూ ఆపలేదు.

శంషాబాద్‌లో ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర కుర్ర ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, "మైలారం యాదమ్మ?" అన్నాడు. "అవ్" అన్నాను. వెనక లైనంతా ఉలిక్కిపడేలా అన్నానట, సుగుణ చెప్పింది. ముద్ర పడింది.

దుబాయ్‌లో డేరా అనే చోట చిన్న హోటల్లో దిగాం. మెట్రోలో డ్రైవరూ లేడు, కండక్టరమ్మా లేదు. రైలు దానంతటదే పోతుంటే నాకు మెచ్చుకోవాలో తిట్టాలో తెలియలేదు. ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంది, అందులోనే ఎక్కండి. ఇసుక తిన్నెల మీద జీపులో తిప్పినప్పుడు సుగుణ కళ్లు మూసుకుని దేవుళ్లందరినీ పిలిచింది. నేను మాత్రం కూర్చోలేక రాడ్డు పట్టుకుని సగం లేచి అరిచాను. మస్తు సంతోషమైంది. అన్నిటికంటే నచ్చింది ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ దాటించే చెక్క పడవ. ఒక్క దిర్హమ్‌కే, మన లెక్కలో పాతిక రూపాయల దాకా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు. అందులో మా పక్కన కూర్చున్న జగిత్యాల ఆయన మా మాట పట్టుకుని అడిగాడు, "ఎవలి దగ్గరికి వచ్చిండ్రమ్మా?"

"ఎవలి దగ్గరికి గాదు తమ్మీ. చూడనీకె వచ్చినం."

"పదేండ్ల సంది ఈన్నే ఉన్న. చూడనీకె నేను గూడ యాడికి పోలే" అన్నాడు. సంచిలోంచి సకినాలు తీసి పెట్టాను. గట్టు వచ్చేదాకా తింటూనే ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో పొద్దున్నే శంషాబాద్‌లో దిగి, కారు మాట్లాడుకుని రింగురోడ్డెక్కాం. దుబాయ్ ఎట్లుందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఎత్తైన మేడలున్నాయి, ఎండ ఉంది, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ నా ప్రయాణంలో ఎక్కువ దూరం నేను నడిచింది మా ఇంటి నుంచి ఆధార్ సెంటర్ దాకానే. మిగతాది విమానం మోసింది.

తుక్కుగూడ దాటుతుంటే అన్న ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"దిగినవా?"

"దిగిన."

"పోయొచ్చినవ్ గదా. నీ మోజు తీరింది. ఇగ ఆ ఇంటిపేరు తీసేయించు. ఊర్ల అందరు అడుగుతుండ్రు, చెల్లె భూమి అడుగుతుందా అని."

"తియ్య."

"ఏందీ?"

"తియ్యనంటున్న. నేను దుబాయ్ చూడనీకె రాయించుకున్న అన్నా. భూమి నా మనసుల లేకుండె. నువ్వే పొద్దుమాపు భూమి భూమి అన్నవ్. మరి అడగాల్సిందే గదా అనిపిచ్చింది. బాపు భూమిల ఆడబిడ్డకు గూడ వాటా ఉంటదట. ఆదివారం వస్త, కూసోని మాట్లాడుదాం."

డ్రైవరు అద్దంలోంచి నన్నే చూస్తుంటే రోడ్డు చూడమని సైగ చేశాను. సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్న ఫోన్ పెట్టేశాడేమో అనుకునేలోపు, ఆయన వెనక నుంచి వదిన గొంతు వినపడింది.

"ఆదివారం రమ్మను. నేనుంట."