ఇంకో రంగు డాక్టరుగారు

ఆ డాక్టరుగారికి ఏదీ ఒక్క చూపులో తేలదు. పాలు విరిగాయేమో చూడమని భార్య గిన్నె చేతికిస్తే, కిటికీ వెలుగులోకి పట్టుకెళ్లి "ఇంకాసేపు చూద్దాం" అనేవారు. ఆలోపు పాలు నిజంగానే విరిగేవి.

ఆసుపత్రిలో ఆయన పని కూడా చూడటమే. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కకు రంగు వేయించి, మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బేమిటో చెప్పాలి. "ఇంకో రంగు వేసి చూద్దాం" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట వింటే కొత్తగా చేరిన జూనియరమ్మకు ఒళ్లు మండేది.

ఒకనాడు ఎదురువీధి దర్జీ ప్రోస్టేట్ గ్రంథి నుంచి సూదితో తీసిన ముక్కలు వచ్చాయి, దారప్పోగుల్లా సన్నగా. మామూలుగా వేసే ఊదా, గులాబీ రంగుల్లో చూస్తే ఒక మూల చిన్నచిన్న గ్రంథులు కిక్కిరిసి ఉన్నాయి.

"క్యాన్సరే సార్. రాసేయనా?"

"ఇంకో రంగు వేద్దామమ్మా."

సర్జన్ ఫోన్ చేశాడు. "ఏంటండీ ఈ నాన్చుడు? ఉందా, లేదా?"

"ఉంటే నాలుగు రోజుల్లో ఎక్కడికీ పారిపోదండీ. లేనిదాన్ని ఉందని కోసేశాక మళ్లీ అతికించలేం."

"ఈలోపు ఆ మనిషికి నిద్ర పడుతుందా సార్?" అని జూనియరమ్మ నిలదీసింది. ఆయన సాయంత్రం కాగానే సంచీ పుచ్చుకుని వెళ్లిపోయారు. మర్నాడూ అంతే. చీమ కుట్టినట్టయినా లేదీయనకి, అనుకుంది.

కొత్త రంగు పట్టించిన ముక్క వచ్చింది. మంచి గ్రంథి చుట్టూ అడుగుకణాల వరుస ఒకటి ఉంటుంది. క్యాన్సరైతే ఆ వరుస మాయమవుతుంది. ఈ కొత్త రంగు పట్టేది ఆ వరుసకే. ఇక్కడ ఒక్కో గ్రంథి చుట్టూ గోధుమరంగు గీత చెక్కుచెదరకుండా ఉంది.

"క్యాన్సర్ కాదు," అని ఆయన చకచకా రాసి సంతకం పెట్టేశారు.

ఆ కబురు జూనియరమ్మే తీసుకెళ్లింది. దర్జీ మిషను మీద తల ఆనించాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"నాకు పిచ్చెక్కకుండా కాపాడింది ఒక చాదస్తపు పెద్దాయనమ్మా! రోజూ సాయంత్రం అదే పాంటు తెస్తాడు. ఓసారి పొడవంటాడు, ఓసారి వదులంటాడు. కొట్టు కట్టేదాకా ఆ స్టూలు మీంచి కదలడు. కుట్టడం, విప్పడం, ఆయనతో పోట్లాడటం. ఇంక జబ్బు గురించి తలుచుకునే తీరికేది? మెడలో ఆసుపత్రి కార్డు మాత్రం ఉండేది. మీకు తెలుసా?"

"తెలుసనుకుంటా," అంది జూనియరమ్మ.

మర్నాడు డాక్టరుగారు పిక్కలు కనిపించే పాంటుతో వచ్చారు.

"కాస్త పొట్టయిందని మా ఆవిడ గొడవ," అన్నారు నసుగుతూ.

"లేదు సార్," అందామె నవ్వు ఆపుకుంటూ. "సరిగ్గా సరిపోయింది."