ఎండలో ఆరేసిన వాంటన్ షీట్లు

ఈ ఉదయం వాంటన్ షీట్ల ప్యాకెట్ విప్పగానే వేళ్ళకు చల్లదనం తగిలింది, దాంతోపాటు మెత్తటి పిండి కూడా. షీట్లు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో చల్లే కార్న్‌ఫ్లోర్ అది. అరచేయంత పలచటి మైదా షీట్లు. మధ్యలో క్యాబేజీ, ఉల్లికాడల కూర పెట్టి, అంచులకు నీళ్ళు తడిపి, కజ్జికాయ నొక్కినట్టు నొక్కి నూనెలో వేయిస్తే వాంటన్లు. విజయవాడలో ఇప్పుడు పిల్లల పుట్టినరోజంటే ఇవి ఉండాల్సిందే. ఆ పిండి వేళ్ళకు అంటినప్పుడల్లా నాకు రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు.

ఆవిడ సత్యనారాయణపురంలో తన ఇంట్లోనే ఆర్డర్ల మీద పిండివంటలు చేసి ఇచ్చేవారు. మా ఆయనకు వన్ టౌన్ గోడౌన్లో పని దొరికి చల్లపల్లి నుంచి వచ్చేశాక నేను ఆవిడ దగ్గర చేరాను. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. మొదటి రోజే నేను అప్పడాలు ఒత్తడం చూసి, "నీ చేతిలో ఏదో చక్రం ఉందే, కోటేశ్వరీ" అన్నారు. నాకు చదువు రాదన్న సంగతి మాత్రం ఆవిడకు చెప్పలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారని భయం. తీసేయకపోయినా, చదువు రాదని తెలిసిన క్షణం నుంచి మనుషులు మనతో గొంతు పెంచి మాట్లాడతారు, మనకు చెవుడు కూడా ఉన్నట్టు. అది పడలేక దాచాను. కారం ఎర్ర డబ్బాలో, మైదా నీలం మూత డబ్బాలో, కార్న్‌ఫ్లోర్ సొట్టపడిన డబ్బాలో ఉంటాయని గుర్తు పెట్టుకున్నాను. ఎవరైనా కాగితం చేతికిస్తే, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండీ" అనేదాన్ని. నిజానికి నాకు కళ్ళజోడే లేదు.

ఒకరోజు ఆవిడ మైలవరంలో పెళ్ళి ఉందని తెల్లవారకముందే బయల్దేరి వెళ్ళారు. సాయంత్రం ఐదింటికి ఒక పుట్టినరోజు ఆర్డరు ఇవ్వాలి. నేను వెళ్ళేసరికి వంటగది గట్టు మీద కొత్త రకం ప్యాకెట్ ఒకటి ఉంది. దాని కింద ఒక చీటీ. వాంటన్ షీట్లను నేను అదే మొదటిసారి చూడడం. ప్యాకెట్ నిండా చెమ్మ, లోపల మెత్తగా చల్లగా పలచటి బిళ్ళలు. ఎవరో అప్పడాలను ఫ్రిజ్‌లో పెట్టి పాడుచేశారనుకున్నాను. చెమ్మ పట్టిన అప్పడాలను ఏం చేయాలో నాకు ఒకరు చెప్పాలా? ఒక్కొక్కటీ జాగ్రత్తగా విడదీసి, డాబా మీద పాత నేత చీర పరిచి, వరసగా ఆరేశాను. కాకులు రాకుండా కాపలా కూడా కూర్చున్నాను. ఆవిడ వచ్చి మెచ్చుకుంటారని ఎదురుచూశాను.

రెండింటికి ఆవిడ డాబా ఎక్కి వచ్చారు. షీట్లన్నీ ఎండుటాకుల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే పుటుక్కున విరిగింది.

"చీటీ చూడలేదా?"

"చూశానండీ."

"ఏం రాశాను అందులో?"

"కళ్ళజోడు మర్చిపోయానండీ."

ఆవిడ తన కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టారు. "నాది పెట్టుకో." పెట్టుకున్నాను. కొంగున ముడేసుకున్న చీటీ విప్పి చూస్తే అక్షరాలు పెద్దవయ్యాయి. అంతే. కళ్ళజోడు తీసి తిరిగి ఇచ్చేశాను. ఆవిడ చీటీ తీసుకుని, ప్రతి మాట కింద వేలు జరుపుతూ, మామూలు గొంతుతోనే చదివారు. "ప్యాకెట్ విప్పకు. ఎండ తగలనీయకు. తడిగుడ్డ కప్పి ఉంచు." చదివి చీటీ మడిచి నడుముకు దోపుకున్నారు.

"మైదా తడుపు. వీటిని చేత్తో ఒత్తే మనుషులూ ఉంటారులే. నువ్వు అప్పడాల కర్ర పట్టు, నేను కూర పెట్టి మడుస్తాను."

రెండు గంటలు తల ఎత్తకుండా ఒత్తాను. అప్పడం కన్నా పలచగా, వెలుతురుకు పట్టుకుంటే వేళ్ళు కనిపించేలా. ఎండిపోయిన వాటిని కూడా ఆవిడ పారేయలేదు. వేయించి, ఉప్పూ కారం చల్లి విడిగా ఒక డబ్బాలో పెట్టారు. ఆర్డరు తీసుకోవడానికి వచ్చినావిడ వాంటన్లు చూసి, "ఇవేంటండీ, ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయి?" అంది.

"చేత్తో ఒత్తినవమ్మా. అచ్చుపోసినట్టు కావాలంటే ప్యాకెట్ కొనుక్కో" అన్నారు రాజ్యలక్ష్మి గారు. నా పేరు ఎత్తలేదు. ఆరోజు మా ఇద్దరి మధ్య జరిగింది ఆ తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు.

మర్నాడు నేను పనిలోకి వెళ్ళేసరికి నా ఎర్ర డబ్బా లేదు, నీలం మూత లేదు. అన్నీ ఒకేలాంటి స్టీలు డబ్బాలు, ఒక్కోదాని మీద ఒక కాగితం ముక్క. ముందు మూత తీసి, వేలు పెట్టి రుచి చూసి పని కానిచ్చాను. "నాలుకతో చదవకే, సోడా తిని చస్తావ్" అన్నారు వెనక నుంచి. పీట మీద మైదా పలచగా పరిచి, వేలితో 'మై' అని రాసి చూపించారు. పిల్లలకు బియ్యంలో దిద్దిస్తారు, నేను మైదాలో దిద్దాను. పాఠం అయ్యాక ఆ మైదానే తడిపి వంటకు వాడేవాళ్ళం. నేను రాసిన వంకర అక్షరాలను సత్యనారాయణపురంలో చాలామంది తినే ఉంటారు.

ఏడాది తిరిగాక సరుకుల చీటీ ఇచ్చి నన్ను ఒక్కదాన్నే వన్ టౌన్ పంపారు. కొట్టతను అలవాటుగా చీటీ కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. "నేను చదువుతానండీ." ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ 'కార్న్‌ఫ్లోర్' దగ్గర ఆగిపోయాను. వెనక జనం పెరిగారు.

"సాయంత్రం దాకా చదువుతారా ఏంటమ్మా?"

"చదువుతానండీ. కుర్చీ ఉంటే వేయండి."

ఇంటికొచ్చి చెబితే రాజ్యలక్ష్మి గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నేను తెచ్చిన షీట్ల ప్యాకెట్ పట్టి చూసి, లోపల మంచు గడ్డలు ఉంటే కరిగి మళ్ళీ గడ్డకట్టిన సరుకనీ, షీట్లు ఊడిరావనీ ఆరోజే చెప్పారు. "ముందు తేదీ చదువు, తర్వాత మంచు చూడు" అనేవారు. ఆఖరి రోజుల్లో ఆవిడకు చూపు మందగిస్తే, తేదీలు నేనే పైకి చదివి వినిపించేదాన్ని.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ ఆర్డర్లు ఇప్పుడు నేను చేస్తున్నాను. ఈమధ్య నాగమణి అని నా వయసు మనిషే సాయానికి వస్తోంది. ఈ ఉదయం బయటికి వెళ్తూ ఆమెకు చీటీ రాశాను: మిగిలిన షీట్ల మీద తడిగుడ్డ తీయకు. రాసి అక్కడ పెట్టేసి వెళ్ళిపోలేదు. ప్రతి మాట కింద వేలు జరుపుతూ, మామూలు గొంతుతో, ఒకసారి చదివి వినిపించాను. ఆమెకు చదువు వచ్చో రాదో నేను అడగలేదు. నాగమణి నా వేలి వైపే చూస్తూ వింది. "కళ్ళజోడు మర్చిపోయానక్కా, అందుకే" అంది.

"పర్లేదు" అన్నాను. "రేపు కాస్త పెందలాడే రా. పీట మీద మైదా పరిచి ఉంచుతాను."