చీమలెక్కిన ఓడ

బిచ్యా సముద్రం మొహం చూసినవాడు కాదు. కిన్నెరసాని వాగు నిద్రపట్టక పొర్లితే సముద్రమవుతుందని బడి నడిపే సిస్టర్ చెప్తే నమ్మేశాడు. ఏన్కూరు అవతలి తండా నుంచి వచ్చి, మిషన్ బడిలో ఎనిమిదేళ్లుగా టెంపరరీ అటెండరుగా గంట కొడుతున్నాడు. 1984లో సిస్టర్ ఒక ఫోటో చూపించి, "ఇన్‌స్పెక్షన్‌లోగా ఈ ఓడ చెయ్యి, క్రాఫ్ట్ టీచరు పోస్టుకు నీ పేరే రాస్తాను" అంది.

టేకు చెక్కడం ఒక ఎత్తు, తాళ్లు కట్టడం ఒక ఎత్తు. మూడు తెరచాప స్తంభాలకు ముప్పై ఆరు దారాలు. నూగు లేవకుండా ప్రతి దారానికీ తేనెమైనం రుద్దాలి. మిగిలిన కొసను రెండు గుండుసూదుల చుట్టూ ఒకే వైపు చుట్టి, తుమ్మబంక నీళ్లు అద్ది, ఆరాక మేకుకు తగిలించాలి. అప్పుడే ఆ చుట్ట బరువైన మోకులా వేలాడుతుంది. లేదంటే తడిసిన కోడి ఈకల్లా నిక్కుతుంది.

ఇన్‌స్పెక్షన్ రోజు తొమ్మిదింటికి ఓడ మీద కప్పిన గుడ్డ తీశాడు. పాల్వంచ నుంచి భద్రాచలం దాకా ఉన్న చీమలన్నీ ఆ ఓడెక్కి కూర్చున్నాయి.

సద్ది తెచ్చిన అతని భార్య హేమ్లి బుగ్గలు నొక్కుకుంది. "మైనం కాచి వడగట్టలేదా ఏంది?"

"తేనె తీసే పోతయ్య తేనెపట్టు పిండి ఇచ్చిండు. గట్లనే రుద్దిన."

"తేనెతోనా! మూడు నెల్లు ఓడ కట్టి చీమలకు దావత్ ఇచ్చినవ్ పో!"

దులిపితే చుట్టలు ఊడతాయి. కిరసనాయిలు పూస్తే మైనం కరుగుతుంది. ఇన్‌స్పెక్టరు జీపు రావడానికి అరగంటే ఉంది. బిచ్యా ఓడ ముక్కుకు కొత్త దారం ముడేసి, రెండో కొస కిటికీ మీద బెల్లంగడ్డకు కట్టాడు. తర్వాత బీడీ ముట్టించాడు.

"బడిల బీడీనా? నౌకరి పోతది!"

"ఓడ పోయినా పోతది. జర గేటు దిక్కు చూడు."

వెనకనుంచి పొగ ఊదాడు. ఒక చీమ దారం మీద కాలు పెట్టింది. వెనకే ఇంకొకటి. గేటు దగ్గర హారన్ మోగేసరికి సగం దిగాయి. బూట్ల చప్పుడు వరండాలోకి వచ్చేసరికి ఇంకా పాతిక మిగిలాయి.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. సిస్టర్ ముక్కు ఎగబీల్చింది.

"ఈ తాడేమిటయ్యా?"

లంగరు తాడనేస్తే సరిపోయేది. బిచ్యాకు ఆ అబద్ధం నోటికి రాలేదు. "చీమలు దిగే తాడు సార్. మైనం కాచకుండ రుద్దిన. బీడీ గూడ నేనే తాగిన" అన్నాడు తల దించుకుని.



"విశాఖ రేవులో ఎలుకలు ఎక్కకుండా మోకులకు రేకులు తొడగడం చూశాను. దిగి పొమ్మని తాడు వేసినవాణ్ణి మాత్రం ఇవాళే చూశా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. సిస్టర్ నవ్వలేదు. పోస్టుకు అతని పేరు రాసిన కాగితం మాత్రం చించలేదు.

జూన్‌లో బిచ్యా క్రాఫ్ట్ క్లాసులో అడుగుపెట్టాడు. పిల్లలంతా దిగ్గున లేచి నిలబడ్డారు. ఎవరొచ్చారోనని అతను వెనక్కి తిరిగి చూశాడు.