అమ్మ బొమ్మకు దండ

మా బాపు ఎల్లారెడ్డిలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఎరువుల దుకాణం, టైలర్ దుకాణం, బిర్యానీ హోటల్, ట్రాక్టర్ల వెనక యజమానుల పిల్లల పేర్లు, అన్నీ ఆయన చేతిరాతే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది. మీ ఆయన ఏం చేస్తాడని ఎవరు అడిగినా మా అమ్మ ఒకటే మాట చెప్పేది. "బోర్డులు రాస్తడు." అంతే, ఆపైన ఇంకో ముక్క ఉండదు.

అన్ని బోర్డులు రాసిన మనిషి తనకోసం వేసుకున్న బొమ్మ మాత్రం ఒక్కటే. నా చిన్నప్పుడు, పని లేని ఒక వానాకాలంలో, మిగిలిన రేకు మీద, డబ్బాల అడుగున మిగిలిన రంగులతో అమ్మను వేశాడు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, చేతిలో సగం చుట్టిన బీడీ. చీరకు ఎరువుల దుకాణం పచ్చ, వెనక గోడకు ఆటోస్టాండు పసుపు. బొమ్మలో అమ్మ నోరు కొంచెం తెరిచి ఉంటుంది. కూర్చున్నంతసేపూ ఆయన్ను తిడుతూనే ఉంది కాబట్టి, ఆయనా అట్లాగే వేశాడు. తర్వాత వెనక గది కిటికీ రెక్క విరిగితే ఆ రేకునే అడ్డం పెట్టారు. బొమ్మ లోపలికి, వాన బయటికి. మేం పిల్లలం దాని కిందే పడుకుని పెరిగాం.

పెళ్లయి నేను కామారెడ్డికి వచ్చాను. ఈ మధ్య మా ఇంటికి దగ్గర్లోనే ఒక పాత ధాన్యం గోదాముకు సున్నం వేసి మ్యూజియం పెట్టారు. రాజుల కత్తులు, రాతి విగ్రహాలు ఉండే మ్యూజియం కాదు అది. మా వైపు మనుషులు ఈ కాలంలో చేసిన కళ మాత్రమే అందులో ఉంటుంది. గాంధారి దగ్గరి తండా నుంచి వచ్చిన అద్దాల కుట్టుపని, వరికోత మిషన్ ముక్కలతో చేసిన కొంగ, గోడంత పెద్ద గుడ్డ నిండా వట్టి నీలం రంగు. ఆ గుడ్డను చూసి అమ్మ, "ఇంక ఏస్తనే ఉన్నరేమో, పాపం" అంది.

అది తర్వాతి సంగతి. ముందు మ్యూజియం చూసుకునే మేడమ్ చేతిరాత బోర్డుల కోసం ఎల్లారెడ్డి వచ్చింది. నేనూ ఆ రోజుల్లో పుట్టింట్లోనే ఉన్నాను. బాపు పాత బోర్డులన్నీ చూపించాడు. ఆమె మంచినీళ్లు తాగడానికి లోపలికి వచ్చి కిటికీ దగ్గర ఆగిపోయింది. "ఇది మ్యూజియానికి ఇస్తారా?" అని అడిగింది.

"వానొస్తే?" అంది అమ్మ.

మేడమ్ కిటికీకి కొత్త చెక్క రెక్క పెట్టించింది. అయినా అమ్మ మెత్తబడలేదు. "నన్ను గోడకు కొట్టి ఊరందరికి చూపిస్తరా?" అంటూ చాట ముందేసుకుని కూర్చుంది. అమ్మ పెరట్లోకి వెళ్లాక బాపు నా దగ్గరికి వచ్చి, "గిన్ని బోర్డులు రాసిన బిడ్డా, అన్నిట్ల షాపోల్ల పేర్లే. ఒక్కతాన్నన్న నా పేరున్నదా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట చెప్పాల్సింది నాకా, పెళ్లానికా? జాలి కూడా వేసింది. అమ్మ వెంటపడి, పోరు పెట్టి ఒప్పించాను.

"నాకు నచ్చకుంటే అప్పుడే దించుకొస్త, చెప్తున్న" అంది అమ్మ.

మ్యూజియం మొదలుపెట్టిన రోజు బయట షామియానా వేశారు. వేదిక మీద పెద్దలకు శాలువాలు, బంతిపూల దండలు. బాపు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో చివరి వరస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్నెవరూ పైకి పిలవలేదు. ఉపన్యాసాలయ్యాక అందరం లోపలికి వెళ్లాం.

అమ్మ బొమ్మకు దండ వేసి ఉంది. కింద అరటిపండుకు గుచ్చిన ఊదుబత్తీలు పొగలు కక్కుతున్నాయి. లింగంపేట నుంచి వచ్చిన ఒక ముసలావిడ దానికి చేతులు జోడించి, పక్కనున్న అమ్మతోనే, "మంచి మనిషి లెక్కుంది. ఎప్పుడు పోయిందట?" అంది.

"పోలే. గిదో, నీ పక్కకే ఉన్న" అంది అమ్మ.

నవ్వు ఆపుకోలేక నేను ఆ ఇనుప కొంగ వెనక్కి వెళ్లాను. అలంకరణ చేసినాయన పరుగెత్తుకొచ్చాడు. "ఆడమనిషి బొమ్మ, గోడకు ఒక్కటే ఉన్నది, పైన లైటున్నది. పోయినామెనే అనుకున్న అక్కా" అన్నాడు. ఆయన్నేం అంటాం? మా ఇళ్లలో దండలు పడే ఫోటోలు అట్లాగే ఉంటాయి.

అమ్మ మాత్రం నవ్వలేదు. "దించు. ఇంటికి తీస్కపోదాం" అంది బాపుతో. బాపు మెల్లగా రేకు దగ్గరికి వెళ్లి రెండు చేతులూ అంచుల మీద వేశాడు. ఆ చేతులు చూసి నా నవ్వు ఆగిపోయింది. ఇంత అయ్యీ ఆయన పేరు ఇక్కడా లేకుండా పోతోందని ఏడుపొచ్చింది.

పక్కన అంటించిన చిన్న అట్ట మీద అమ్మ చూపు పడింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసిన్రు?" అని నన్ను అడిగింది. చదివాను. మొదట బాపు పేరు, తర్వాత ఎల్లారెడ్డి, ఆ కింద 'రేకు మీద ఎనామిల్ రంగులు' అని.

"ముందుగాల ఈయన పేరేనా?"

"ఆయనదే. వేరే ఎవ్వరి పేరు లేదు."

అమ్మ కాసేపు ఆ అట్టనే చూసింది. ఊదుబత్తీలు తీసి అలంకరణ ఆయన చేతిలో పెట్టింది. బాపు చేతుల్ని రేకు మీద నుంచి తోసేసి, దండ తనే తీసింది. తీసి, అందరి ముందూ బాపు మెడలో వేసింది.

"దండ బొమ్మకు గాదు, ఏసినాయనకెయ్యాలె" అంది.

ముసలావిడ ఒక్కతే చప్పట్లు కొట్టింది. బాపు బిగుసుకుపోయి, ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. బొమ్మ గోడ మీదే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఎల్లారెడ్డి బస్సులో నేనూ వాళ్లతో వెళ్లాను. బాపు దండ తీయలేదు. కండక్టర్ టికెట్లు కొడుతూ, "ఏంది కాకా, సన్మానమా?" అన్నాడు. బాపు సిగ్గుపడి అమ్మ వైపు చూశాడు.

కిటికీ వైపు నుంచి మొహం తిప్పకుండానే అమ్మ చెప్పింది. "సన్మానమే. మా ఆయన బొమ్మలేస్తడు."