కామాక్షయ్య ఎంచుకున్న మొక్క

జువ్వలదిన్నెలో డ్రాయింగు మాస్టరు కామాక్షయ్య మొక్క బొమ్మ వేస్తే ఆకు మీది నూగు చేతికి తగులుతుందేమో అనిపించేది. మద్రాసు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే జ్ఞానప్రకాశం గారు సముద్రతీరపు మొక్కల మీద పుస్తకం రాస్తూ, బొమ్మల పనంతా ఆయనకే అప్పగించారు. మొక్కతో పాటు ఒక చీటీ కూడా పంపేవారు. ఆకు ఏ రంగు, పువ్వు ఏ రంగు, మొక్క వాడిపోకముందే చూసి అందులో రాసేవారు.

ఆ చీటీయే కామాక్షయ్య పరువు కాపాడుతూ వచ్చింది. పంతొమ్మిది వందల అరవై ఒకటి నుంచి ఆయనకు గీత కనిపిస్తుంది, రంగు తెలియదు. కంటినరం ఎండిపోతోంది, మందు లేదన్నాడు నెల్లూరు డాక్టరు. ఈ సంగతి భార్య ఆదిశేషమ్మకు తప్ప మరొకరికి తెలియనివ్వలేదు. రంగు సీసాల మీద పేర్లు చదువుకుని, ఏది ఎన్ని చుక్కలో పాత అలవాటు మీద కలిపేసేవాడు. బొమ్మలు పోతే తానేమైపోతాడో తలుచుకోవడానికే ఆయనకు భయం.

అరవై నాలుగులో ప్రొఫెసరు గారు ఉత్తరం రాశారు. "చివరి బొమ్మకు మొక్కను మీరే ఎంచుకోండి. కింద మీ పేరు వేయిస్తాను."

సంతోషంతో ఆ పూట అన్నం మీదికి మనసు పోలేదు. వారం రోజులు ఇసుకదిబ్బలు గాలించి, ఊళ్లో ఎవరూ పేరు పెట్టని ఒక తీగను వేళ్లతో సహా తెచ్చి కుండలో నాటాడు. నాలుగోనాడు నువ్వుగింజంత పువ్వు విచ్చింది. ఈసారి చీటీ లేదు.

"పువ్వు ఏం రంగే?"

ఆదిశేషమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి వంగి చూసింది. "పచ్చగా ఉండాదయ్యా."

ఆకు రంగే అనుకున్నాడు. ఏ పచ్చ అని ఒక్క మాట అడగలేదు, మహానుభావుడు! నీలం, పసుపు చుక్కలు లెక్కగా కలిపేశాడు.

బొమ్మ కోసం ప్రొఫెసరు గారు స్వయంగా వచ్చారు. బొమ్మ చూశారు, కుండలో పువ్వు చూశారు, మళ్లీ బొమ్మ చూశారు.

"పువ్వుకు ఆకుపచ్చ వేశారేమిటి మాస్టారూ? ఇది పసుపుపచ్చ కదా!"

కామాక్షయ్య తలుపు చాటునున్న భార్య వైపు చూశాడు. మొగుణ్ణి ఆదుకోవాలని ఆమె గబగబా ముందుకొచ్చింది.

"పచ్చే గదా సారూ! నేనే చూసి చెప్పినాను. ఆయనకు మూడేండ్లుగా రంగులు అగపడవు గదా..." అని నాలుక కరుచుకుంది.

ప్రొఫెసరు గారు బొమ్మ పక్కన పెట్టారు. "నాతో ఒక్క మాట చెప్పకూడదా మాస్టారూ?"

"చెప్పి ఉంటే మొక్కలు పంపేవారా సారూ?"

ప్రొఫెసరు గారు మంచి మనిషి, అబద్ధమాడడం చేతకాదు. తల దించుకుని ఊరుకున్నారు.